ఉలి కింద తేలే తేడా

(పెన్నులు తయారుచేసే అభిరుచి ఉన్నవారి కోసం రాజమహేంద్రవరంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. రాజమండ్రికి వచ్చి పెన్నుల గురించి మాట్లాడడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. ఈ ఊళ్ళో తయారైన పెన్నుతో రాసి చూసి, బజారులో దొరికే విదేశీ పెన్నులకు బదులుగా ఇది పనికొస్తుందని 1935లో గాంధీజీ దాన్ని తయారుచేసిన కె.వి. రత్నం గారికి ఉత్తరం రాశారు. అటువంటి ఊళ్ళో, ముక్కను గిరగిరా తిప్పి చెక్కే ఈ లేతు ముందు నిలబడి మాట్లాడడానికి నాకున్న అర్హత ఒక్కటే. నేను పాడుచేసినన్ని ముక్కలు ఇక్కడ కూర్చున్నవారిలో ఎవరూ పాడుచేసి ఉండరు.

ముందుగా ఒక చిన్న పని. ఈ పళ్ళెంలో ఆరు ముక్కలున్నాయి. ఒక్కొక్కటి ముప్పావు అంగుళం మందం, అయిదు అంగుళాల పొడవు. బజారులో వీటిని పెన్ బ్లాంకులు అంటారు. గుండ్రంగా ఉంటే రాడ్డు అంటారు. నేను మాత్రం ముక్క అనే అంటాను. నంబర్లు వేశాను గానీ పేర్లు రాయలేదు. చేతులు మారుస్తూ అందరూ చూడండి. ఏది రెసిన్, ఏది ప్లాస్టిక్ అని పక్కవారితో పందెం కట్టండి. గోటితో గీకవచ్చు, వాసన చూడవచ్చు. ముక్కలు మాత్రం తిరిగి పళ్ళెంలోకి రావాలి. పోయినసారి ఇలాగే తిప్పితే ఆరు ఇచ్చి అయిదు పుచ్చుకున్నాను.

అవి తిరుగుతూ ఉండగా పేర్ల సంగతి చూద్దాం. దుకాణంలో ‘ప్లాస్టిక్ పెన్ను’ అంటే ముఖం చిట్లించేవాళ్ళు ‘రెసిన్ పెన్ను’ అనగానే జేబులో చెయ్యి పెడతారు. నిజానికి రెసిన్ అంటే మొదట్లో చెట్టు కార్చిన జిగురు. మన గుగ్గిలం రెసినే. పురుగు ఇచ్చే లక్క కూడా ఆ కోవలోదే. ఆ గుణాలున్న పదార్థాన్ని మనిషి ఫ్యాక్టరీలో తయారుచేస్తే అది కృత్రిమ రెసిన్ అయింది. గట్టిపడ్డాక దాన్నే ప్లాస్టిక్ అంటున్నాం. అక్రిలిక్‌ను ఒక దుకాణదారు రెసిన్ అని అమ్ముతాడు, మరొకడు ప్లాస్టిక్ అని అమ్ముతాడు. ఇద్దరూ అబద్ధం ఆడడం లేదు. కాబట్టి పేరు మీద పంచాయితీ పెట్టుకుంటే తెల్లవారిపోతుంది. లేతు మీద పని చేసేవాడికి కావలసిన ప్రశ్న ఒక్కటే: వేడి తగిలితే ఈ ముక్క ఏమవుతుంది?

లక్కనూ కుండనూ తలచుకోండి. లక్కను వేడి చేస్తే కరుగుతుంది, చల్లారితే గట్టిపడుతుంది, మళ్ళీ వేడి చేస్తే మళ్ళీ కరుగుతుంది. గాజుల వాళ్ళ జీవనమంతా దాని మీదే నడిచింది. కుండ సంగతి వేరు. ఆవంలో ఒకసారి కాలిందంటే ఇక తిరిగి మట్టి ముద్ద కాదు. పగులుతుందే తప్ప మెత్తబడదు. పెన్నుల ముక్కలు కూడా ఈ రెండు జాతులే. అక్రిలిక్, పాలీకార్బొనేట్, ఎసిటాల్, సీసా మూతల పాలిథీన్, ఇవన్నీ లక్క జాతి. పాలియెస్టర్, ఎపాక్సీ, రెండు ద్రవాలు కలిపి మనం పోసుకునే పాలీయురేథేన్, ఇవి కుండ జాతి. గడ్డకట్టేటప్పుడు వీటి అణువులు ఒకదానికొకటి ముడిపడిపోతాయి. ఆ ముడి వేడికి విడిపోదు.

మన ఏటికొప్పాక పనివారిని చూడండి. తిరుగుతున్న అంకుడు కర్రకు లక్క కడ్డీ ఒత్తి పట్టుకుంటారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు రంగుగా పట్టేస్తుంది. తరిమెన అనే తమ లేతు మీద పుట్టే వేడిని పనిలోకి దించుకున్నారు. అదే వేడి అక్రిలిక్ ముక్కలో రంధ్రం వేసేటప్పుడు పుడితే మన కొంప ముంచుతుంది. లోపల ప్లాస్టిక్ కరిగి డ్రిల్లు బిట్టుకు అతుక్కుంటుంది. మోటారు మూలుగుతుంది. కంగారుపడి లేతు ఆపితే ముక్క చల్లారి బిట్టును పట్టేసుకుంటుంది. ఇక రెండింటినీ కలిపి పారేయవలసిందే. నా అటక మీద ఒక 7 మిల్లీమీటర్ల బిట్టు నీలం రంగు అక్రిలిక్ చొక్కా తొడుక్కుని ఇప్పటికీ ఉంది.

దీనికి మందు ఓపికే. డ్రిల్లు వేసేటప్పుడు వేగం తగ్గించండి. నిమిషానికి 500 చుట్ల దగ్గర మొదలుపెడితే చాలు. అర అంగుళం లోపలికి వెళ్ళగానే బిట్టు పూర్తిగా బయటికి తీసి, తురుము దులిపి, చల్లారనిచ్చి మళ్ళీ దించండి. సబ్బు నీళ్ళు ఒక చుక్క వేసినా మంచిదే. ఇంకొక కిటుకు ఉంది. ముక్కను కావలసిన దానికన్నా అర అంగుళం పొడవు ఉంచుకోండి. రంధ్రం అవతలి చివరికి రాకముందే ఆపి, ఆ మిగులును రంపంతో కోసేయండి. అవతలి వైపుకు బిట్టు పొడుచుకువచ్చే క్షణంలోనే ఎక్కువ ముక్కలు పగులుతాయి. బిట్టు అసలు బయటికే రాకపోతే పగలడానికి అవకాశం ఉండదు. కుండ జాతి ముక్కలకు ఈ కిటుకు ఇంకా ముఖ్యం.

ఇక ఒక్కొక్కటిగా చూద్దాం. పక్షపాతం లేకుండా చెబుతానని మాట ఇవ్వలేను. నాకు అక్రిలిక్ అంటే ఇష్టం.

ఒకటో నంబరు ముక్క అక్రిలిక్. ఇందులో రెండు రకాలున్నాయి. అచ్చుల్లో పోసి నిదానంగా గట్టిపరచినది ఒకటి, యంత్రంలో కరిగించి గొట్టంలోంచి నొక్కి తీసినది మరొకటి. చూపుకు రెండూ ఒకటే. ఉలి కింద పెడితే పోతపోసినది శుభ్రంగా తెగుతుంది, నొక్కి తీసినది బంకలా సాగుతుంది. కొనేటప్పుడు ఏ రకమో అడగండి. సైన్‌బోర్డులు తయారుచేసే దుకాణాల్లో మందపాటి అక్రిలిక్ తుక్కు చవకగా దొరుకుతుంది. నేను అలాగే మొదలుపెట్టాను. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. లేజరుతో కోసిన అంచుల్లో ఒత్తిడి దాగి ఉంటుంది. ఆ అంచును ఒకటి రెండు మిల్లీమీటర్లు తీసేసి వాడుకోండి.

ఈ దాగిన ఒత్తిడి గురించి నా కథ ఒకటి చెప్పాలి. మా లెక్కల మాస్టారు పదవీ విరమణ చేస్తున్నారంటే, లోపలి సిరా కనిపించేలా తెల్లటి పారదర్శకమైన అక్రిలిక్‌తో ఒక ఫౌంటెన్ పెన్ను చేశాను. మూత బిగించే మరలు కూడా నేనే కోశాను. మూడు రాత్రుల పని. చివర్లో వేలిముద్రలు పోవాలని దూదిని స్పిరిట్‌లో ముంచి మరలన్నీ శుభ్రంగా తుడిచి, పెట్టెలో పెట్టి పడుకున్నాను. పొద్దున చూస్తే మరల చుట్టూ సాలెగూడు అల్లినట్లు సన్నని పగుళ్ళు. ఎవరూ ముట్టుకోలేదు, ఎక్కడా పడలేదు. జరిగింది ఏమిటంటే, కోతలో పుట్టిన ఒత్తిడి ఆ మరల్లో దాగి ఉంది. ఆల్కహాల్ తగలగానే అది పగుళ్ళుగా బయటపడింది. అక్రిలిక్‌ను ఎప్పుడూ స్పిరిట్‌తో తుడవకండి. సబ్బు నీళ్ళు చాలు. మరలు కోసిన ముక్కను 80 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచి, నెమ్మదిగా చల్లారనిస్తే ఆ ఒత్తిడి చాలావరకు పోతుంది. అంతకన్నా మరీ వేడెక్కనివ్వకండి. 100 డిగ్రీలు దాటితే ముక్క మెత్తబడి వంకర పోతుంది. మాస్టారికి ఆ రోజు శాలువాతో సరిపెట్టాను. పెన్ను మరుసటి నెల ఇచ్చాను.

అక్రిలిక్‌కు పెన్నుల చరిత్రలో గౌరవమైన స్థానమే ఉంది. 1941లో వచ్చిన పార్కర్ 51ను అక్రిలిక్‌తోనే చేశారు. ఆ కంపెనీ అప్పుడు త్వరగా ఆరిపోయే సిరా ఒకటి తయారుచేసింది. అది సెల్యులాయిడ్‌ను తినేసేది. సిరాను తట్టుకునే ఒళ్ళు కావలసి వచ్చి అక్రిలిక్ దగ్గరకు వెళ్ళారు. ఎనభై ఏళ్ళు దాటినా ఆ పెన్నులు ఇంకా రాస్తున్నాయి. ప్లాస్టిక్ అని మూతి ముడుచుకునేవారికి నేను చూపించేది ఆ పెన్నునే.

రెండో నంబరు ముక్క ఎవరి దగ్గర ఉంది? ఒకసారి పైకి ఎత్తండి. ఆ ముత్యపు మెరుపు చూశారా? అది పాలియెస్టర్. మీ చొక్కా గుండీల్లో ఆ మెరుపు చూసే ఉంటారు, గుండీలు కూడా ఎక్కువగా పాలియెస్టరే. రంగు లోతు విషయంలో దీనికి సాటి వచ్చేది లేదు. మెరుగు పెడితే అద్దమే. కానీ పెళుసు. అప్పడం లాంటి పెళుసు. ఉలి కాస్త మొద్దుబారినా, కోణం కాస్త తప్పినా పెచ్చు లేచిపోతుంది. అదీ ఆఖరి గీతలో, ఇక ఒక్క అరమిల్లీమీటరు తీస్తే పని అయిపోతుందనగా లేస్తుంది. దీన్ని గీకుతూ పని చేయాలి. అంచు కొద్దిగా కిందికి వాలి ఉండే కార్బైడ్ ఉలి దీనికి బాగా పనికొస్తుంది. చతురస్రం మూలలు పోయి గుండ్రబడే దాకా ప్రాణం అరచేతిలో పెట్టుకోవలసిందే. నేను ఆ మూలల్ని ముందే బెల్టు శాండరు మీద తీసేస్తాను. పౌరుషానికి పోయి ఉలితోనే తీస్తాననే మిత్రుడు ఒకడున్నాడు. వాడి కళ్ళద్దాల మీద గీతలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

పాలియెస్టర్‌ను ఇంట్లో పోసుకోవచ్చు. ఫైబర్ గ్లాసు సామాను అమ్మే దుకాణంలో రెసిన్, కోబాల్టు, హార్డెనర్ అని మూడు డబ్బాలు ఇస్తారు. ఇక్కడ వేళాకోళం పక్కన పెట్టి ఒక మాట చెబుతాను, రాసుకోండి. కోబాల్టునూ హార్డెనర్‌నూ ఎప్పుడూ నేరుగా కలపకూడదు. కలిపితే భగ్గుమంటుంది, పేలుతుంది. ముందు రెసిన్‌లో కోబాల్టు వేసి బాగా కలిపి, ఆ తరవాతే హార్డెనర్ వేయాలి. హార్డెనర్ ఒకటి నుంచి రెండు శాతం చాలు. మన ఎండాకాలంలో ఒక శాతమే ఎక్కువ. తొందరపడి ఎక్కువ వేస్తే లోపల వేడి పుట్టి ముక్క దానంతటదే నెర్రెలిస్తుంది. కళ్ళద్దాలు తప్పనిసరి. హార్డెనర్ కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. ఇక రెసిన్‌లోంచి వచ్చే ఆ స్టైరీన్ వాసన గురించి నేను చెప్పనక్కరలేదు, మీ ఇంట్లోవాళ్ళే చెబుతారు.

మూడో నంబరు పాలీయురేథేన్. రెండు ద్రవాలు సమానంగా కలిపితే నిమిషాల్లో గట్టిపడుతుంది. నా దృష్టిలో పోతపోసుకునే వాటన్నిటిలో ఉలికి లొంగే గుణం దీనికే ఎక్కువ. పెళుసుతనం తక్కువ, తురుము రిబ్బను లాగా వస్తుంది, కింద పడినా సాధారణంగా పగలదు. దీనికి ఒకటే శత్రువు, తేమ. గట్టిపడే లోపల నీటి తడి తగిలితే బొగ్గుపులుసు వాయువు పుట్టి బుడగలు కడుతుంది. నా మొదటి పోత శ్రావణ మాసంలో, బయట ముసురు పట్టి ఉండగా పోశాను. మరునాడు కోసి చూస్తే లోపల గుల్ల మైసూరుపాకు! అంత చక్కని గుల్ల మిఠాయి అంగట్లో కూడా చూడలేదు. డబ్బా మూత తీసి ఉంచినా చాలు, మన కోస్తా గాలి ఆ పని చేసిపెడుతుంది.

చిన్న చిన్న బుడగలు ఎలాగూ ఉంటాయి కాబట్టి దీన్ని గాలి నొక్కి నింపే ప్రెషర్ పాట్‌లో పెట్టి చదరపు అంగుళానికి 40 నుంచి 60 పౌండ్ల ఒత్తిడిలో గట్టిపరుస్తారు. ఒత్తిడికి బుడగలు కంటికి కనపడనంత చిన్నవైపోతాయి, ముక్క ఆ స్థితిలోనే గట్టిపడుతుంది. ఎవరో ఒకరు అడుగుతారని తెలుసు కాబట్టి ముందే చెబుతున్నాను: వంటింటి ప్రెషర్ కుక్కర్‌తో ఇది చేయకండి. కుక్కరు విజిల్ వేసేది 15 పౌండ్ల దగ్గర. దాన్ని 60కి ఎక్కిస్తే అది కుక్కరు కాదు, బాంబు.

తాటి కర్రతో పెన్ను చేయాలని చాలామందికి మోజు. నల్లటి నారలు, వాటి మధ్య మెత్తటి గుజ్జు, చూడడానికి ఎంతో అందం. ఉలి పెడితే నార లేచిపోతుంది, గుజ్జు రాలిపోతుంది. అలాంటి కర్రలో గాలిని వాక్యూమ్‌తో లాగేసి పలచటి రెసిన్ పట్టించి, సుమారు 90 డిగ్రీల ఓవెన్‌లో గట్టిపరుస్తారు. అప్పుడు కర్రే సగం రెసిన్ అవుతుంది. సగం కర్ర, సగం రంగు రెసిన్ ఉన్న ముక్కలకైతే కర్ర ఎండుగడ్డిలాగా ఎండి ఉండాలి. కొద్దిపాటి తడి ఉన్నా పాలీయురేథేన్ కర్ర అంచు వెంట నురగ కడుతుంది. మనం ఏ కర్రనైతే ఎండిపోయింది అనుకుంటామో అందులోనూ వానాకాలంలో తడి ఉంటుంది.

నాలుగో నంబరు ఎపాక్సీ. దీని గురించి క్లుప్తంగా చెప్పేస్తాను. ఇప్పుడు చెక్కల మధ్య నదిలా రెసిన్ పోసే నది బల్లలూ పూల లాకెట్లూ అంతా ఎపాక్సీయే కాబట్టి ఎక్కడ చూసినా దొరుకుతోంది. నిదానంగా గట్టిపడుతుంది, పెద్దగా కుంచించుకుపోదు, కర్రను గట్టిగా పట్టుకుంటుంది. పెన్నులకు నాకు నచ్చదు. గది వేడికే గట్టిపడే రకాల్లో చాలావరకు 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడడం మొదలుపెడతాయి. ఇది కుండ జాతే, కరగదు. కానీ మెత్తబడుతుంది. మన ఊళ్ళో మే నెలలో ఎండలో నిలిపిన కారు లోపల అంత వేడి మామూలే. రెండు పాళ్ళు కొలవడంలో తేడా వచ్చిందంటే అసలు ఎప్పటికీ గట్టిపడదు. జీడిలా వేలికి అంటుకుంటూనే ఉంటుంది.

ఇప్పుడు అయిదు, ఆరు నంబర్లు. రెండూ నల్లవే. పందెం కట్టినవాళ్ళు ఇక్కడే ఓడిపోతారు. అయిదోది ఎసిటాల్, డెల్రిన్ అనే పేరుతో కూడా దొరుకుతుంది. ఉలి పెడితే వెన్న. గజాల కొద్దీ తీగలాగా తురుము వస్తుంది. కానీ జిగురు అంటదు. మామూలుగా కిట్టు పెన్ను, అంటే తయారు భాగాలు కొని బిగించే పెన్ను, చేసేటప్పుడు రంధ్రంలో ఇత్తడి గొట్టం జిగురుతో అతికిస్తాం కదా, ఎసిటాల్‌లో అది నిలవదు. నాలుగు రోజులకు లోపల గొట్టం గిరగిరా తిరుగుతుంది. అద్దంలా మెరుగూ రాదు. అయితే ఆ లోపమే మరొకచోట వరమైంది. కర్ర పెన్ను మీద ఫెవిక్విక్ లాంటి జిగురుతో పూత వేసేటప్పుడు లేతు మీద ముక్కకు రెండు పక్కలా ఉండే బుషింగులు అనే చిన్న గొట్టాలకు అది అంటుకోకూడదు. అందుకని ఆ బుషింగుల్ని ఎసిటాల్‌తో చేసుకుంటారు. పెన్నుగా పనికిరాకపోయినా పెన్ను చేసేవాడికి పనికొచ్చింది.

సీసా మూతలు కరిగించి ముక్కలు పోసే పిల్లలు ఈ మధ్య పెరిగారు. సంతోషం. అది పాలిథీన్. దానికీ ఎసిటాల్‌కూ గుణాలు ఇంచుమించు ఒకటే, మెరుగు రాదు, జిగురు అంటదు. గొట్టాన్ని గరుకు కాగితంతో బాగా గీరి, బిగుతుగా దిగేలా రంధ్రం వేసుకుంటే కొంత నయం. ఒక్క మాట, పి.వి.సి. గొట్టాల జోలికి మాత్రం పోకండి. అది కాలితే వచ్చే పొగ ఊపిరితిత్తులనూ తింటుంది, లేతు ఇనుమునూ తింటుంది.

మెరవని ప్లాస్టిక్ అంటే చిన్నచూపు అక్కరలేదు. లామీ 2000 అనే జర్మన్ పెన్ను 1966లో వచ్చింది. పాలీకార్బొనేట్ ఒళ్ళు. దాన్ని మెరుగు పెట్టకుండా సన్నని గీతలతో గరుకుగా వదిలేశారు. నేటికీ అదే రూపంలో అమ్ముతున్నారు. మెరవనిదాన్ని మెరిపించడానికి నెల రోజులు గుద్దులాడిన నాకు ఆ పెన్ను చూశాక సిగ్గేసింది.

ఆరో ముక్కను బొటనవేలితో బాగా రుద్ది వాసన చూడండి. గంధకం వాసన వస్తే అది ఎబొనైట్. సహజమైన రబ్బరులో మూడో వంతు దాకా గంధకం కలిపి ఉడికిస్తే వచ్చే గట్టి పదార్థం. అమెరికాలో నెల్సన్ గుడ్‌ఇయర్ 1851లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. పుట్టుక చెట్టు పాలలో, తయారీ ఫ్యాక్టరీలో. కాబట్టి ఇది సహజమా కృత్రిమమా అని ఎవరైనా అడిగితే నేను నీళ్ళు నములుతాను. పట్టుకుంటే చేతికి జారదు, పొద్దస్తమానం రాసినా పరాయి వస్తువులా అనిపించదు. మంచి పెన్నుల్లో పాళీ కింద ఉండి సిరా అందించే నాలుకను ఇప్పటికీ ఎబొనైట్‌తో చేయడానికి కారణం, సిరా దాన్ని బాగా పట్టుకుని ఉంటుంది. పైగా వేడి నీళ్ళలో ముంచితే కొద్దిగా మెత్తబడి పాళీ వంపుకు తగినట్లు ఒదుగుతుంది. అంటే కుండ జాతిలో పుట్టి లక్క గుణం కాస్త పుణికిపుచ్చుకుంది. లోపాలూ ఉన్నాయి. ఎండలో పెడితే నలుపు పోయి గోధుమ రంగుకు తిరుగుతుంది, ఉలి పదును త్వరగా పోతుంది, చెక్కుతుంటే ఇల్లంతా దీపావళి మరునాటి వాసన వస్తుంది.

సెల్యులాయిడ్ ముక్క ఈ పళ్ళెంలో లేదు, కావాలనే తేలేదు. పత్తి నుంచి చేసిన నైట్రోసెల్యులోజుకు కర్పూరం కలిపి చేస్తారు. చెక్కుతున్నంతసేపూ గుడిలో హారతి ఇస్తున్నట్లు ఉంటుంది. ఆ పరిమళం కోసం నేను దాన్ని ప్రేమించాను. కానీ కర్పూరం లాగే అదీ భగ్గున అంటుకుంటుంది. దాని తురుము గుట్టగా ఉన్నచోట ఒక్క నిప్పురవ్వ పడితే చాలు. టేబుల్ టెన్నిస్ బంతులు కూడా సెల్యులాయిడ్‌వే ఉండేవి. 2014 నుంచి అంతర్జాతీయ పోటీల్లో వాటి స్థానంలో వేరే ప్లాస్టిక్ బంతులు వచ్చాయి. కొత్త సెల్యులాయిడ్ ముక్క నెలల తరబడి ఆరుతూ కుంచించుకుపోతూ ఉంటుంది. ఈరోజు బిగుతుగా ఉన్న మూత వచ్చే ఏడాది ఎలా ఉంటుందో చెప్పలేం.

మెరుగు పెట్టడం గురించి రెండు మాటలు. అక్రిలిక్‌నైనా పాలియెస్టర్‌నైనా నీళ్ళతో తడుపుతూనే రుద్దండి. 1500 నుంచి 12000 దాకా తొమ్మిది గరుకుల మెత్తలు దొరుకుతాయి. ఒక్కటి కూడా దాటవేయకండి. పొడిగా రుద్దితే లక్క జాతి వేడెక్కి మసకబారుతుంది. ఆ మసక గీతల వల్ల వచ్చిందనుకుని ఇంకా గట్టిగా రుద్దుతాం, ఇంకా వేడెక్కుతుంది. రంగు పలచగా, వెలుతురు దూరేలా ఉన్న ముక్కల్లో లోపలి ఇత్తడి గొట్టం కనిపిస్తుంది. గొట్టానికి ముందే అదే రంగు పూయండి. వీలైతే రంధ్రం లోపలి గోడకూ పూయండి. మొదట్లో నాకు ఇది తెలియక, ముత్యంలాంటి తెల్ల పెన్ను చేశాననుకుని చూస్తే కామెర్లు వచ్చినట్లు పచ్చగా కనిపించింది.

ఇక ఈ మధ్యాహ్నమంతా చెప్పాలనుకున్నది తురుము గురించి. ముక్క మీద ఏ పేరు రాసి ఉన్నా ఉలి పెట్టిన మొదటి పది సెకన్లు కింద రాలేదాన్ని చూడండి. పొడవాటి రిబ్బను వస్తే ముక్క మెత్తనిది, ఉలి సరిగ్గా ఉంది, ఇక వేడి సంగతి చూసుకుంటే చాలు. రిబ్బను అంచులు కరిగి ఉండలు కడుతుంటే వేగం తగ్గించండి, ఉలి నూరండి. అటుకుల్లాగా చిన్న చిన్న పెచ్చులు రాలుతుంటే పెళుసు జాతి, లోతు తగ్గించి పై పైన గీకండి. మెత్తటి పొడి రాలుతుంటే ఉలి కోయడం మానేసి రుద్దుతోందన్నమాట. ఆ పొడిని పీల్చకూడదు, ముక్కుకు మాస్కు ఉండాలి. డబ్బా మీద రాసిన పేరు తప్పు కావచ్చు, అమ్మినవాడి మాట తప్పు కావచ్చు. తురుముకు అబద్ధమాడే అవసరం లేదు.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(మొదటిసారి చేసేవారు దేనితో మొదలుపెట్టాలని ఒకరు అడిగారు.)

పోతపోసిన అక్రిలిక్, ముదురు రంగు, వెలుతురు దూరనిది. గొట్టానికి రంగు పూయనక్కరలేదు, తప్పులు కనిపించవు. ఎవరో ముత్యపు పాలియెస్టర్ బహుమతిగా ఇస్తే దాచుకోండి, పది పెన్నుల తరవాత బయటికి తీయండి.

(ఖరీదైన పెన్నుల కంపెనీలు తమ పెన్నులు ప్రత్యేకమైన రెసిన్‌తో చేసినవని చెబుతాయి కదా, అది నిజంగా వేరేనా అని మరొకరు అడిగారు.)

చేసిన తీరులో, మెరుగులో, కొలతల ఖచ్చితత్వంలో నిజంగానే తేడా ఉంటుంది. ఆ పనితనానికి డబ్బు ఇవ్వడంలో తప్పు లేదు. రెసిన్ అనే మాటకు మాత్రం నేను పైసా ఇవ్వను. పగిలినప్పుడు అదీ అన్ని ప్లాస్టిక్కుల్లాగే పగులుతుంది.

(తురుమును ఏం చేస్తారని వెనక వరుసలోంచి ఒక అమ్మాయి అడిగింది.)

మంచి ప్రశ్న, అమ్మా. మొదట్లో ఊడ్చి కాలువలోకి తోసేవాణ్ణి. ఆ కాలువ గోదావరిలో కలుస్తుందని నాకు తెలియక కాదు, ఆలోచించక. ఇప్పుడు లేతు కింద పాత దుప్పటి పరుస్తాను. అక్రిలిక్ తురుమును రంగుల వారీగా సీసాల్లో దాచి, పాలీయురేథేన్ పోసేటప్పుడు కొంత కలుపుతాను. తీగలు తీగలుగా కనిపించి బాగుంటుంది. మిగిలినది చెత్తబండికి పోతుంది. అంతకన్నా గొప్ప జవాబు నా దగ్గర లేదు.

ఇక అందరూ లేతు దగ్గరకు రండి. ఒకటో నంబరూ రెండో నంబరూ పక్కపక్కన చెక్కి చూపిస్తాను. ముందు వరుసలో నిలబడేవాళ్ళు కళ్ళద్దాలు పెట్టుకోండి. చీర కొంగులు, కండువాలు, పొడుగు చేతుల చొక్కాలు సర్దుకోండి. ఆ పళ్ళెం ఇటు ఇవ్వండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. ఆరోది ఎక్కడ? ఎబొనైట్ ముక్క. అయితే అది ఈ ఊళ్ళోవాళ్ళెవరో తీసుకుని ఉంటారు. ఉంచుకోండి పరవాలేదు, కానీ ఎండలో మాత్రం పెట్టకండి.